థర్మో పైన్ ముక్క నీళ్లు ఎందుకు ఎక్కువ తాగింది, మందు పెట్టే ముందు చెక్కని వేడి చేయాలా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది, తేడా ఉంటే సరిచేయండి. విశాఖలో సముద్రం వైపు బాల్కనీకి థర్మో పైన్ డెక్కింగ్, అంటే నేల మీద పరిచే పలకలు, కొన్నారు. అమ్మినతను "రెండొందల డిగ్రీలు దాటించిన చెక్క సార్, రంధ్రాలన్నీ మూసుకుపోతాయి, నీళ్లు దిగవు" అన్నాడు. మీరు ఒక ముక్క కోసి, పక్కన మామూలు పైన్ ముక్క పెట్టి, రెండింటినీ రాత్రంతా బకెట్లో ముంచి పొద్దున తూకం వేస్తే థర్మో ముక్కే ఎక్కువ నీళ్లు తాగింది. ఇంకోపక్క మంచాలకి, అల్మరాలకి అరకు నుంచి తెచ్చిన సిల్వర్ ఓక్ పలకలకి పురుగు, చెదలు పట్టకుండా మందు పెట్టించాలనుకుంటే, మీ వడ్రంగి "ముందు వేడి చేయిస్తే రంధ్రాలు తెరుచుకుంటాయి, అప్పుడు మందు బాగా దిగుతుంది" అంటున్నాడు. వేడికి రంధ్రాలు మూసుకుంటాయని ఒకరు, తెరుచుకుంటాయని ఇంకొకరు. ఎవరిని నమ్మాలి అని అడిగారు. ప్యాకింగ్ పెట్టెల మీద కనిపించే హెచ్‌టీ ముద్ర కూడా ఇదేనా అన్నారు.

అమ్మినతను చెప్పిన కారణం తప్పు, సరుకు మాత్రం మంచిదే అయ్యుండొచ్చు. వడ్రంగి మాట కొన్ని రకాల వేడికి నిజం, మీ పలకలకి బహుశా అనవసరం. బకెట్ పరీక్షలో మీకు వచ్చిన ఫలితంలో వింతేమీ లేదు, ఫిన్లాండ్‌లో చేసిన పరీక్షల్లో కూడా అలాగే వచ్చింది. సీజనింగ్ కిల్న్ (చెక్క ఆరబెట్టే వేడి గది), ప్రెజర్ ట్యాంకు (ఒత్తిడితో చెక్కలోకి మందు ఎక్కించేది) రెండూ ఉన్న చోట పని చేస్తూ ఇదే వాదన చాలాసార్లు విన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

చెక్కలోకి నీళ్లు వెళ్లడం అంటే రెండు వేరువేరు పనులు. ఒకటి, కణాల లోపలి బోలులో నీరు ద్రవంగా పారడం. ఇది ప్రవాహం, దీనికి దారి కావాలి, తోసే ఒత్తిడి కావాలి, దారి ఎంత వెడల్పో అంత వేగం. రెండోది, కణం గోడ పదార్థమే తేమని పట్టుకుని ఉబ్బడం. దీనికి ద్రవం అక్కర్లేదు, గాలిలో ఉన్న తేమ చాలు, గోదావరి జిల్లాల్లో వానాకాలం తలుపు బిగుసుకుపోయేది దీనివల్లే. పారగమ్యత అనేది మొదటిదాని కొలత. అధిక ఉష్ణోగ్రతలో థర్మల్ మోడిఫికేషన్, అంటే మీ థర్మో పైన్‌కి చేసిన పని, చేసినప్పుడు బాగా తగ్గేది రెండోది. మొదటిది తగ్గొచ్చు, మారకపోవచ్చు, పెరగనూ వచ్చు, చాలాసార్లు పెరుగుతుంది. ఈ రెండింటినీ కలిపేసి "నీళ్లు దిగవు" అనేయడంతోనే గొడవంతా మొదలవుతుంది.

ఇప్పుడు దారి గురించి. పైన్, స్ప్రూస్, దేవదారు లాంటి మెత్తచెక్కల్లో తొంభై శాతం పైగా ట్రాకీడ్లు అనే పొడుగాటి కణాలే ఉంటాయి. ఒక్కోటి 3 నుంచి 4 మిల్లీమీటర్ల పొడుగు, వెడల్పు మిల్లీమీటర్‌లో ముప్పయ్యో వంతు చుట్టుపక్కల. రెండు కొనలూ మూసుకునే ఉంటాయి. ఒక కణం నుంచి పక్క కణంలోకి నీరు వెళ్లాలంటే గోడలో ఉండే పిట్ అనే చిన్న తలుపు గుండానే వెళ్లాలి. ఆ తలుపు మధ్యలో టోరస్ అనే మందపాటి బిళ్ల, దాన్ని చుట్టూ పట్టుకుని మార్గో అనే సన్నని పోగుల వల. నీరు పారేది ఆ వల సందుల్లోంచి. పచ్చి చెట్టులో బిళ్ల నడిమధ్య వేలాడుతూ ఉంటుంది. చెక్క ఆరేటప్పుడు నీటి తలతన్యత ఆ బిళ్లని ఒక పక్కకి లాగి గోడకి అతికించేస్తుంది, తలుపు పడిపోయినట్టే. ఆరిన స్ప్రూస్‌కి ఎంత ఒత్తిడి పెట్టినా మందు దిగకపోవడానికి ముఖ్య కారణం ఇదే. పైన్ తెల్లచెక్కలోనూ (చేవ కట్టని బయటి భాగం) తలుపులు పడతాయి గానీ దానికి రే కణాల (చెట్టు మధ్య నుంచి బయటికి అడ్డంగా సాగే కణాలు) పక్కన కిటికీల్లాంటి పెద్ద పిట్లు ఉంటాయి, అడ్డదారిన లోపలికి వెళ్లిపోతుంది. అందుకే రెండూ ఒకే జాతి కుటుంబమైనా ట్యాంకులో రెండింటి ప్రవర్తనకీ పోలిక ఉండదు.

గట్టిచెక్కల్లో, అంటే టేకు, వేప, మద్ది, రబ్బరు, మామిడి, యూకలిప్టస్ లాంటి మన చెట్లన్నింట్లో, దారి వేరు. నాళాలు అనే గొట్టాలు నిలువునా ఉంటాయి, కోసిన కొన మీద కంటికి కనిపించే సూదిబెజ్జాలు అవే. గొట్టం ఖాళీగా ఉంటే మందు సులువుగా దిగుతుంది. చేవ కట్టేటప్పుడు కొన్ని జాతుల్లో పక్క కణాలు గొట్టంలోకి బుడగల్లా ఉబ్బి దాన్ని మూసేస్తాయి, దీన్ని టైలోసిస్ అంటారు. అమెరికా తెల్ల ఓక్‌లో ఇవి నిండుగా ఉంటాయి కాబట్టే వైన్ పీపాలు కారవు, ఎర్ర ఓక్‌లో దాదాపు ఉండవు కాబట్టి ఒక కొనని నోట్లో పెట్టుకుని ఊదితే అవతలి కొన సబ్బునీళ్లలో బుడగలు వస్తాయి. టేకు చేవ మొదటి రకానికి దగ్గర, దానికి మందు దిగదు, మందు అవసరమూ లేదు.

పొడుగునా పారేదానికీ అడ్డంగా పారేదానికీ తేడా మామూలుగా లేదు, వేల రెట్లు. మీ డెక్ పలకలో నీరు అన్నింటికన్నా వేగంగా దిగేది కోసిన కొనల నుంచే. దీన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

సైజు ఎంత ముఖ్యమో చిన్న లెక్క చూడండి. 15 మైక్రోమీటర్ల వ్యాసార్థం ఉన్న బోలులో నీటిని లాగే లేదా అడ్డుకునే కేశనాళిక ఒత్తిడి సుమారు 0.1 కేజీ పర్ చదరపు సెంటీమీటర్. అదే పిట్‌లో 0.1 మైక్రోమీటర్ సందు దగ్గర అది 14 దాటుతుంది. మన ట్యాంకుల్లో మామూలుగా పెట్టే ఒత్తిడి 10 నుంచి 14. అంటే కణం బోలు ఎప్పుడూ సమస్య కాదు, పని ఆగేదీ సాగేదీ పిట్ దగ్గరే. పైగా సన్నని గొట్టంలో ప్రవాహం వ్యాసార్థపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది, సందు రెట్టింపయితే పారేది పదహారు రెట్లు. వేడి వల్ల పిట్ల దగ్గర ఇసుమంత మార్పు వచ్చినా పారగమ్యత అంకె ఎక్కడికో వెళ్లిపోయేది అందుకే, ఒకే జాతి మీద ఇద్దరు పరిశోధకులకి వ్యతిరేక ఫలితాలు రావడమూ చాలావరకు అందుకే.

ఇక వేడి. "హీట్ ట్రీట్‌మెంట్" అని ఒకే పేరు పెట్టుకుని తిరిగే పనులు కనీసం నాలుగున్నాయి. మీరడిగిన హెచ్‌టీ ముద్రది అన్నింటికన్నా చిన్న వేడి. ఎగుమతి పెట్టెలకి, ప్యాలెట్లకి ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నియమం ప్రకారం చెక్క నడిమధ్య 56 డిగ్రీలు వచ్చి అలాగే 30 నిమిషాలు ఉండాలి, అంతే. లోపలి పురుగులు చావడానికి అది సరిపోతుంది. చెక్క నిర్మాణంలో ఏ మార్పూ రాదు, పారగమ్యతా మారదు, తేమ పీల్చడమూ తగ్గదు, తర్వాత చెదలు పట్టకుండా ఉండే గుణమూ రాదు. ప్యాలెట్ చెక్కని "హీట్ ట్రీటెడ్, చెదలు పట్టవు" అని అమ్మేవాళ్లు కనిపిస్తున్నారు, వినకండి.

కిల్న్‌లో 60, 70, 80 డిగ్రీల్లో ఆరబెట్టడం రెండోది. ఇక్కడ జరిగేది ప్రధానంగా ఆరడమే, దాంతో మెత్తచెక్కల్లో తలుపులు పడతాయి. వేడి తగిలింది కాబట్టి రంధ్రాలు తెరుచుకున్నాయి అనుకోవడానికి ఆధారం లేదు, చాలా జాతుల్లో పచ్చిదానికంటే ఆరినదాని పారగమ్యత తక్కువ. కానీ ఆరిన చెక్కలో బోలు ఖాళీగా ఉంటుంది, మందుకి చోటుంటుంది, ట్యాంకుకి అది ముఖ్యం. దారి ఇరుకైనా గది ఖాళీ. అందుకే ప్రెజర్ ట్రీట్‌మెంట్‌కి ముందు తేమ 25–30 శాతం కిందికి దింపమంటారు.

మూడోది ఆవిరి. మీ వడ్రంగి మాటలో నిజం ఉన్నది ఇక్కడే, ఆయన ఎక్కడో చూసే ఉంటాడు. పచ్చి చెక్కని 100 నుంచి 120 డిగ్రీల ఆవిరిలో కొన్ని గంటలు ఉంచి, వెంటనే వాక్యూమ్ పెడితే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. వచ్చే దారిలో మెత్తని రే కణాల గోడలు చిట్లుతాయి, రెసిన్ (చెక్కలోని బంక) కరిగి కదులుతుంది, పిట్ పొరల్లో ఉండే పెక్టిన్ లాంటి పదార్థాలు తడివేడికి దెబ్బతింటాయి. తర్వాత మందు అడ్డంగా కూడా దిగుతుంది. న్యూజిలాండ్‌లో రేడియాటా పైన్ స్తంభాలని ఆరబెట్టకుండానే, ఏళ్లుగా ఇలాగే ఆవిరి పట్టించి మందు పెడుతున్నారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో సదరన్ పైన్ కరెంటు స్తంభాలకి కూడా ఆవిరి పద్ధతి ఉంది, అక్కడ 118 డిగ్రీలు దాటనివ్వరు, దాటితే బలం పోతుంది. గమనించండి, ఇవి రెండూ పైన్ జాతులు, రెండూ తెల్లచెక్క ఎక్కువున్న గుండ్రటి దుంగలు, రెండూ పచ్చివి. ఆరిపోయిన పలకని ఎండలోనో గ్యాస్ ఓవెన్‌లోనో పెట్టి వేడి చేస్తే ఈ ఫలితం రాదు. లోపల ఆవిరయ్యే నీరే లేనప్పుడు చిట్లించేదేముంది.

ఇదే సూత్రాన్ని ఇంకా దూరం తీసుకెళ్లినవాళ్లున్నారు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో మైక్రోవేవ్‌తో పచ్చి చెక్క లోపలి నీటిని క్షణాల్లో ఆవిరి చేసి రే కణాలనీ టైలోసిస్‌నీ పగలగొట్టారు. పారగమ్యత విపరీతంగా పెరుగుతుంది, దానితోపాటు చెక్క బలమూ తగ్గుతుంది, ఎంత తెరవాలో నియంత్రించడమే అక్కడ అసలు పని. అన్నట్టు తలుపులు తెరవడానికి వేడే అక్కర్లేదు. దుంగల్ని నెలల తరబడి చెరువులో ముంచి ఉంచితే బ్యాక్టీరియా పిట్ పొరల్ని తినేస్తుంది, అలా నానిన స్ప్రూస్ తెల్లచెక్కకి మందు బాగా దిగుతుంది. మన ఊళ్లలో వెదుళ్లూ వాసాలూ చెరువులో నానబెట్టేది పిండిపదార్థం పోయి పురుగు పట్టకుండా ఉండటానికే, కానీ లోపల ఈ పని కూడా జరుగుతూనే ఉంటుంది.

నాలుగోది మీరు కొన్నది. 160 నుంచి 230 డిగ్రీలు, ఆక్సిజన్ లేకుండా, అంటే ఆవిరిలోనో నైట్రోజన్‌లోనో వాక్యూమ్‌లోనో వేడి నూనెలోనో. ఆలోచన పాతది, 1940ల్లోనే అమెరికా ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీలో ఆల్ఫ్రెడ్ స్టామ్ బృందం కరిగిన లోహం కింద చెక్కని ముంచి వేడి చేసి, ఉబ్బడం తగ్గుతుందని చూపించింది. దాన్ని పరిశ్రమగా నిలబెట్టింది 1990ల్లో ఫిన్లాండ్. అక్కడి థర్మోవుడ్ పద్ధతిలో మెత్తచెక్కకి రెండు తరగతులున్నాయి: 190 డిగ్రీల చుట్టూ చేసేది థర్మో ఎస్, 212 చుట్టూ చేసేది థర్మో డీ. బయట వాడే డెక్‌కి రెండోదే కావాలి, మీ బిల్లు మీద ఏముందో చూసుకోండి.

అంత వేడిలో ముందు పోయేది హెమిసెల్యులోజ్. కణం గోడలో నీటిని అన్నింటికన్నా బాగా పట్టుకునేది అదే. అది విరిగేటప్పుడు అసిటిక్ ఆమ్లం వస్తుంది, ఆ ఆమ్లం మిగతాదాన్ని ఇంకా వేగంగా విరగ్గొడుతుంది, థర్మో చెక్కకి ఉండే ఆ పొగవాసన, పులుపు వాసన అందులోంచే. గోడలో నీటిని పట్టే చోట్లు తగ్గాయి కాబట్టి అదే గాలిలో ఈ చెక్క నిలుపుకునే తేమ మామూలుదానిలో సగానికి దగ్గరగా పడిపోతుంది. విశాఖ సముద్రపు గాలిలో మామూలు పైన్ 15 శాతం దగ్గర నిలబడితే ఇది 7, 8 దగ్గర నిలబడుతుంది. ఉబ్బడం, కుంచించుకోవడం కూడా ఆ నిష్పత్తిలోనే తగ్గుతాయి. మీరు డబ్బు పెట్టింది దీనికి.

మరి దారులు? అమ్మినతను అన్నట్టు రంధ్రాలన్నీ మూసుకుపోలేదు. పైగా రెసిన్ కారిపోయింది, గోడ పదార్థం కొంత పోయి చెక్క తేలికయింది, పెళుసైన గోడల్లో సన్నని చీలికలొచ్చాయి, రే కణాల దగ్గర, పిట్ల దగ్గర పొరలు చిరిగాయి. పైన్ తెల్లచెక్కలో అసలే పెద్ద కిటికీలు ఉన్నాయని పైన చెప్పాను కదా. ఫిన్లాండ్‌లో పైన్, స్ప్రూస్ రెండింట్లోనూ చేవనీ తెల్లచెక్కనీ వేరుచేసి, 170 నుంచి 230 డిగ్రీల దాకా వేడి చేసి, నీళ్లలో ముంచి చూశారు. స్ప్రూస్ తక్కువ తాగింది, పైన్ చేవ తక్కువ తాగింది, పైన్ తెల్లచెక్క మాత్రం 230 డిగ్రీల దగ్గర తప్ప మిగతా వేడిలో వేడి చేయనిదానికంటే ఎక్కువే తాగింది. మీ బకెట్‌లో జరిగింది ఇదే అయ్యుంటుంది. థర్మో చెక్క అంతా ఒకే గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి రంగుతో చేవా తెల్లచెక్కా చెప్పడం కష్టం. కొన మీద వలయాల వంపు చూడండి, చెట్టు మధ్యకి దగ్గర ముక్క అయితే వంపు బిగుతుగా ఉంటుంది.

"మరి థర్మో చెక్క మీద నీటి బొట్టు ముత్యంలా నిలబడుతుంది కదా" అంటారు. నిలబడుతుంది, పైతలం నీటిని ఇష్టపడదు, బొట్టు కోణం 90 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది. అందుకే చిన్న జల్లు పడి ఆరిపోతే పెద్దగా దిగదు. రాత్రంతా ముంచితే మాత్రం బయటి నీరు లోపలి గాలిని మెల్లగా తోసేస్తుంది, దారులు వెడల్పుగా ఉన్నచోట ముందు తోసేస్తుంది. బొట్టు పరీక్షా బకెట్ పరీక్షా ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపిస్తాయి గానీ రెండూ సరైనవే.

మీ తూకంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ముంచకముందే మామూలు ముక్కలో 12–14 శాతం తేమ ఉండి ఉంటుంది, థర్మో ముక్కలో 5–6. ఖాళీ ఎక్కువున్నది ఎక్కువ నింపుకుంది. పైగా థర్మో ముక్క తేలిక, శాతంలో లెక్కేస్తే అదే నీరు పెద్ద అంకెగా కనిపిస్తుంది. కాబట్టి తూకం పక్కన పెట్టి ఈసారి వెర్నియర్ తీసుకోండి. ముంచకముందు పలక వెడల్పు రెండు మూడు చోట్ల కొలవండి, మూడు రోజులు ముంచి మళ్లీ అక్కడే కొలవండి. నీళ్లు ఎంత తాగినా థర్మో ముక్క వెడల్పు మామూలుదాని కంటే బాగా తక్కువ పెరగాలి, సగానికి అటూఇటూ. అలా వస్తే సరుకు నిజమైనదే. రెండూ ఒకేలా ఉబ్బితే అది రంగు వేసిన పైనో, 160 డిగ్రీల్లో కాసేపు పెట్టి తీసిందో, వెనక్కి ఇచ్చేయండి. తర్వాత రెండింటినీ నీడలో ఆరబెట్టి రోజూ తూచండి, దారులు తెరిచున్న చెక్క నీటిని వదిలేయడమూ తొందరగానే వదిలేస్తుంది. బయట వాడకానికి ఇది తీసిపారేయాల్సిన గుణం కాదు, చెక్కని కుళ్లబెట్టేది ఎంత తడిసిందన్నది కాదు, ఎంతకాలం తడిగా ఉండిపోయిందన్నది.

అన్ని జాతులూ ఇలాగే చేస్తాయనుకోకండి. గాలి పంపించి కొలిచిన పరీక్షల్లో కొన్ని గట్టిచెక్కలకి వేడి తర్వాత పారగమ్యత పెరిగింది, కొన్నింటికి తగ్గింది. చేవలో ఉండే జిగురు పదార్థాలు కరిగి కదిలి కొన్నిచోట్ల దారి వదుల్తాయి, కొన్నిచోట్ల కొత్తగా అడ్డుపడతాయి. కొలిచిన ముక్క పొట్టిదైతే ఒక్క చీలిక ఈ కొన నుంచి ఆ కొనకి పోయి అంకె అమాంతం పెరుగుతుంది, అదే చెక్క ఎనిమిదడుగుల పలకలో అలా ఉండదు. ఎవరైనా "వేడికి పారగమ్యత ఇన్ని రెట్లు పెరిగింది" అని అంకె చెప్తే ఏ జాతి, చేవా తెల్లచెక్కా, ఏ దిశ, ముక్క ఎంత పొడుగు అని అడగండి, అవి లేకుండా ఆ అంకెతో పనిలేదు. మన దగ్గర బెంగళూరులోని చెక్క పరిశోధన సంస్థ ఐడబ్ల్యూఎస్‌టీలో రబ్బరు చెక్క, సిల్వర్ ఓక్ మీద వేడి ప్రభావం చూశారు. ఆ పని ముఖ్యంగా రంగు, కొలతల నిలకడ, బలం గురించి, మందు దిగడం గురించి కాదు, కాబట్టి దాన్ని మీ వడ్రంగి వాదనకి సాక్ష్యంగా తేలేం.

సిల్వర్ ఓక్ పలకల సంగతికొద్దాం. మంచాలకి, అల్మరాలకి, ఇంటి లోపలే అన్నారు కాబట్టి బోరాక్స్–బోరిక్ యాసిడ్ మందు సరిపోతుంది, వానలో అది కడిగేసుకుపోతుంది గానీ లోపల పర్లేదు. ఇక్కడ పలకలు పచ్చివా ఆరినవా అన్నదే అసలు ప్రశ్న. పచ్చివైతే వేడి మాటే వద్దు. ఈ మందులోని బోరాన్ నీటిలో కరిగి తడి చెక్క గుండా తనంతట తానే పాకుతుంది, కణం గోడ తడిగా ఉంటేనే ఆ పాకడం సాగుతుంది. కోసిన వెంటనే చిక్కటి ద్రావణంలో ముంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ప్లాస్టిక్ షీటు కప్పి కొన్ని వారాలు వదిలేయండి. తలుపులు తెరిచున్నాయా మూసున్నాయా అన్నది ఈ పద్ధతికి పెద్దగా పట్టదు. ముందే వేడి చేసి ఆరబెట్టారంటే మందు వెళ్లే తడిని మీరే తీసేసినట్టు. కేరళలో రబ్బరు చెక్కని కోసిన రోజుల్లోనే బోరాన్ ట్యాంకులో పెట్టి ఆ తర్వాతే కిల్న్‌కి పంపుతారు, ఆలస్యమైతే నీలిబూజూ పురుగూ పడతాయి.

ఆరిన పలకలైతే ముందు ఊదుడు పరీక్ష చేయండి. పోగు వెంట ఒక జానెడు ముక్క కోసి, రెండు కొనలూ పదునైన ఉలితో శుభ్రంగా తీసి, ఒక కొనకి సబ్బునీళ్లు రాసి రెండో కొన నుంచి గట్టిగా ఊదండి, లేదా సైకిల్ పంపు గొట్టం బిగించి కొట్టండి. బుడగలు సులువుగా వస్తే దారులు బాగానే ఉన్నాయి, వేడి చేయించి డబ్బు తగలెయ్యక్కర్లేదు, ప్రెజర్ ట్యాంకుకి పంపండి. చేవ ముక్కా పక్కన తెల్లచెక్క ముక్కా రెండూ చూడండి. బుడగలు రాకపోతే ఆ భాగానికి వేడితో దారి తెరవడం మీ షెడ్డులో అయ్యే పని కాదు.

ట్యాంకు అందుబాటులో లేకపోతే వేడి వాడే తీరు ఇంకోటుంది, బహుశా మీ వడ్రంగి మనసులో ఉన్నది ఇదేనేమో. వేడి–చల్లటి తొట్టి పద్ధతి. చెక్కని మందు ద్రావణంలో ముంచి 90 డిగ్రీల దాకా వేడి చేసి కొన్ని గంటలు ఉంచుతారు, తర్వాత అందులోనే చల్లారనిస్తారు లేదా చల్లటి మందులోకి మారుస్తారు. వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, చల్లారేటప్పుడు మిగిలింది ముడుచుకుని మందుని లోపలికి లాగుతుంది. మందు దిగేదంతా దాదాపు చల్లారేటప్పుడే, కాబట్టి వేడిగా ఉండగానే తీసేయకూడదు. ఇక్కడ చెక్క పారగమ్యత మారదు, మారేది గాలి, మందు చిక్కదనం. నీళ్ల స్నిగ్ధత 25 డిగ్రీలతో పోలిస్తే 90 దగ్గర మూడో వంతు చుట్టూ ఉంటుంది, అదే సందులోంచి అంతమేర వేగంగా పారుతుంది. బోరాన్‌కీ, క్రియోసోట్ అనే తారు నూనెకీ ఇది బాగా నప్పుతుంది. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన సీసీఏ మందుతో మాత్రం ఎట్టి పరిస్థితుల్లో చేయకండి, వేడికి అది చెక్కలోకి వెళ్లకముందే తొట్టిలో గడ్డకట్టి అడుగున పేరుకుంటుంది, ఆ ఆర్సెనిక్ విషం కూడా.

కొండపల్లి బొమ్మల వాళ్లు తెల్ల పొణికి చెక్కని సన్నని సెగ మీద ఆరబెట్టడం చూసి కొందరు దాన్నీ హీట్ ట్రీట్‌మెంట్ అంటున్నారు. అది తేమ తీయడం మాత్రమే, థర్మో చెక్కతో దానికి సంబంధం లేదు.

మళ్లీ మీ బాల్కనీ. పలకలు కోసిన ప్రతిచోటా కొనలకి మైనం కలిసిన ఎండ్ సీలర్ గానీ, చిక్కటి నూనె గానీ రెండుసార్లు పట్టించండి, పైన చెప్పిన వేల రెట్ల తేడా వల్ల ఈ ఒక్క పనే చాలా నీటిని ఆపుతుంది. పలకల కింద గాలి ఆడే ఖాళీ వదలండి, నీరు నిలిచే చోట పెట్టకండి. జిగురు వాడే చోట తెల్ల ఫెవికాల్ రకం నీటి జిగురు ఈ చెక్కలోకి మెల్లగా ఇంకుతుంది, క్లాంపు మామూలుకంటే చాలాసేపు ఉంచాలి, బయట కాబట్టి పాలియురెథేన్ జిగురే మేలు. నీటి ప్రైమర్ కూడా ఆలస్యంగానే పడుతుంది, నూనె ఆధారితమైతే ఇబ్బంది లేదు. పూత లేకుండా వదిలేస్తే ఎండకి కొన్ని నెలల్లో బూడిద రంగుకి మారుతుంది, చెడిపోయిందని కంగారుపడకండి.

చెదల విషయం అమ్మినతను చెప్పి ఉండడు. థర్మో చెక్క కుళ్లుని బాగా తట్టుకుంటుంది, చెదల్ని తట్టుకోదు. నేలకి తగిలే చోట దీన్ని వాడొద్దని తయారీదారులే రాస్తారు. మీది పైఅంతస్తు, కాంక్రీటు మీద కాబట్టి ప్రమాదం తక్కువే, అయినా కింద వేసే అడ్డకమ్మీలు థర్మో పైన్‌తో వేయకుండా అల్యూమినియం సెక్షన్‌తో గానీ ప్రెజర్ ట్రీట్ చేసిన చెక్కతో గానీ వేయించండి, బరువు మోసే పనికి ఎలాగూ ఇది పనికిరాదు, వేడి వల్ల వంపు బలం పది నుంచి ముప్పయి శాతం దాకా తగ్గి ఉంటుంది. స్క్రూలు కొట్టే ముందు డ్రిల్ వేయాలి, లేకపోతే కొనల దగ్గర చీలుతుంది. మామూలు జీఐ స్క్రూలు ఈ చెక్క ఆమ్లానికీ సముద్రపు ఉప్పుకీ కలిపి నల్లగా మరకలు కక్కుతాయి, 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ తీసుకోండి.

వెర్నియర్ కొలతలు, ఊదుడు పరీక్ష ఫలితం వచ్చాక ఇక్కడే పెట్టండి. సిల్వర్ ఓక్‌లో చేవ భాగం ఎంత ఉందో ఒక ఫొటో కూడా పెడితే ట్యాంకుకి పంపాలా తొట్టి చాలా అన్నది చూసి చెప్తాను.